నీరు తీస్తే నిప్పంటుకునే నేల

నేను పెద్దమేష్టారుగా పనిచేసిన ఒక ఊళ్ళో, బడి వెనక ఒక రైసుమిల్లు ఉండేది. మిల్లువాళ్ళు ఊకనూ, ఊక కాల్చిన బూడిదనూ తెచ్చి చెరువుగట్టు పక్కన పోసేవాళ్ళు. అది ఏళ్ళ తరబడి పెరిగి చిన్న గుట్ట అయింది. పైకి చూస్తే ఎప్పుడో చల్లారిన బూడిదే. ఒకనాటి సాయంత్రం ఏడో తరగతి కుర్రవాడొకడు బంతి కోసం ఆ గుట్ట ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే వాడి కాలు మోకాలి దాకా దిగబడింది. లోపలంతా నిప్పు! వాడి కేకలు విని మేమంతా పరుగెత్తాం. పాపం, వాడు మూడు నెలలపాటు బడికి రాలేకపోయాడు.

ఆ రాత్రే పెద్ద వాన కురిసింది. ఇక నిప్పు ఆరిపోయి ఉంటుందనుకుని మర్నాడు పొద్దున వెళ్ళి చూశాను. గుట్ట మీద నుంచి సన్నగా పొగ లేస్తూనే ఉన్నది. నివురుగప్పిన నిప్పు అని పెద్దవాళ్ళు ఎందుకంటారో ఆనాడు నాకు బాగా తెలిసింది.

మిల్లువాళ్ళ గుట్ట మహా అయితే నాలుగైదు ఇళ్ళంత ఉండేది. అటువంటిదే ఒక జిల్లా అంత వెడల్పున, పది మీటర్ల మందాన ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి! అటువంటి నేలలు ఈ భూమి మీద నిజంగా ఉన్నవి. తడిగా ఉన్నంతకాలం వాటంత సాధువైన నేల మరొకటి లేదు. వాటిలోని నీరు తీసేస్తేనే వచ్చింది చిక్కు.

విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కి బంగాళాఖాతం దాటి, మలయా ద్వీపకల్పాన్ని చుట్టి తూర్పుగా పోతే బోర్నియో అనే పెద్ద దీవి వస్తుంది. భూమధ్యరేఖ ఈ దీవి మీదుగానే పోతుంది. దీవిలో ఎక్కువ భాగం ఇండొనీషియా దేశానిది. ఆ భాగాన్ని కాలిమంతాన్ అంటారు. అక్కడ దక్షిణంగా సముద్రంలోకి పారే కహయాన్, సెబంగావ్, కపువాస్, బరితో అనే నదులున్నవి. నదికీ నదికీ మధ్య ఉన్న అడవిలో కాలు పెడితే కింద మట్టి తగలదు. ముదురు గోధుమరంగులో, మెత్తగా, నీళ్ళు ఓడుతూ, పీచుపీచుగా ఉండే పదార్థం తగులుతుంది. పిడికెడు తీసి పిండితే టీ డికాక్షను వంటి నీరు కారుతుంది. చేతిలో మిగిలేవి కుళ్ళీ కుళ్ళని ఆకులు, వేళ్ళు, కొమ్మల తునకలు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని పీట్ అంటారు. ఇండొనీషియావాళ్ళు గంబుత్ అంటారు. మన తెలుగుదేశంలో ఇటువంటి నేల కనిపించదు గనక దీనికి మనకు వాడుకలో మాట లేదు. పీటునేల అనుకుందాం. (మన దేశంలో నీలగిరుల పైన లోయల్లో ఇది కొద్దిగా ఉన్నది. దాని పొరలు తవ్వి చూసి పూర్వకాలంలో మన దేశపు వానలు ఎలా ఉండేవో కొంత తెలుసుకున్నారు.)

మామూలు అడవిలో రాలిన ఆకు ఏమవుతుంది? నాలుగు వానలు పడేసరికి కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది. మరి ఇక్కడి ఆకు వేల ఏళ్ళుగా ఎందుకు కుళ్ళలేదు? ఈ ప్రశ్నకు జవాబు మీ ఇంట్లో ఆవకాయ జాడీలో ఉన్నది. ఆవకాయ పెట్టినప్పుడు మీ అమ్మమ్మ ఏం చేస్తుంది? ముక్కలు పూర్తిగా మునిగేదాకా నూనె పోస్తుంది. నూనె తగ్గి ముక్క పైకి తేలితే అక్కడ బూజు పడుతుంది. బూజుకు గాలి కావాలి. నూనె ఆ గాలిని తగలనివ్వదు. పైగా పులుపూ ఉప్పూ ఉన్నచోట కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు బతకలేవు. బోర్నియో అడవిలో నూనె చేసే పని నీరు చేస్తుంది. ఏడాది పొడుగునా నీరు నిలిచి ఉంటుంది గనక రాలిన ఆకుకూ, పడిన మానుకూ గాలి తగలదు. ఆ నీరు పులిసిన మజ్జిగంత పుల్లన, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. అందుచేత ఆకు పూర్తిగా కుళ్ళకముందే దాని మీద మరో ఆకు పడుతుంది. ఆ విధంగా ఏడాదికి మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో చొప్పున నేల పెరుగుతుంది. సెబంగావ్ నది దగ్గర శాస్త్రజ్ఞులు తొమ్మిదిన్నర మీటర్ల లోతున గొట్టం దించి అట్టడుగు పీటును పైకి తీశారు. దాని వయస్సు సుమారు 26,000 ఏళ్ళని తేలింది!

ఇట్లా పెరిగి పెరిగి, రెండు నదుల మధ్య పీటు బోర్లించిన పళ్ళెంలా నడుమ ఉబ్బి ఉంటుంది. నది నీరు దాని మీదికి ఎక్కలేదు. దానికి వాననీరే ఆధారం. నీళ్ళు నానిన పీటు బరువులో పదింట తొమ్మిది వంతులు నీరే. వానాకాలంలో అది స్పంజిలాగా నీరు పీల్చుకుని, ఎండాకాలంలో కొంచెం కొంచెంగా నదుల్లోకి వదులుతుంది.

ఇంత పుల్లని నీళ్ళలో ఏం బతుకుతుందని మీరు అడగవచ్చు. చాలాకాలం శాస్త్రజ్ఞులు కూడా అట్లాగే అనుకుని ఈ బురద అడవుల వైపు పెద్దగా చూడలేదు. తీరా చూస్తే వింతలు బయటపడినవి. పక్కనున్న సుమత్రా దీవిలోని పీటు అడవుల్లో ఒక చేప ఉన్నది. దాని పేరు పీడోసిప్రిస్. 2006లో దాన్ని గురించి లోకానికి తెలిపినప్పుడు, ఎదిగిన ఆడచేప పొడవు 7.9 మిల్లీమీటర్లే ఉన్నది. అంటే ఇంచుమించు ఒక వడ్లగింజ అంత! ఇక బోర్నియోలోని సెబంగావ్ అడవిలో ఒరాంగుటాన్ కోతులు వేల సంఖ్యలో ఉన్నవి. ఆ అడవిని 2004లో జాతీయవనంగా ప్రకటించారు.

అయితే నేను చెప్పదలచింది జంతువుల సంగతి కాదు, నేల సంగతి. ఆకు, కొమ్మ, మాను గాలిలోంచి తీసుకున్న కర్బనంతోనే తయారవుతవి. మా చిన్నప్పుడు మా మేష్టారు బొగ్గుపులుసు వాయువు అనేవారు, మీ పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్ అని ఉంటుంది. చెట్టు ఆ వాయువును పీల్చి, అందులోని కర్బనాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. చెట్టు కుళ్ళినా, కాలినా కర్బనం మళ్ళీ వాయువై గాలిలోకి పోతుంది. పీటునేలలో చెట్టు కుళ్ళదు గనక ఆ కర్బనం అక్కడే ఉండిపోతుంది. ప్రపంచంలోని పీటునేలలన్నీ కలిపినా భూభాగంలో నూటికి మూడు వంతులే. కాని వాటిలో దాగిన కర్బనం లోకంలోని అడవుల్లో చెట్టూ చేమా అన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని మీకు తెలుసు. ఇప్పుడు ఆ జాడీ మూత తీస్తే ఏమవుతుందో చూడండి.

1984లో ఇండొనీషియా తనకు కావలసిన బియ్యం తానే పండించుకోగలిగింది. దేశమంతా సంతోషించింది. కాని పదేళ్ళు తిరిగేసరికి మళ్ళీ బియ్యం కొనుక్కోవలసి వచ్చింది. అప్పుడు అధ్యక్షుడు సుహార్తోకు ఒక ఆలోచన తట్టింది. కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల బురద అడవి ఊరికే పడి ఉన్నది కదా, దాన్ని కొట్టించి వరిపొలాలు చేద్దామని! 1995 డిసెంబరులో ఉత్తరువు వచ్చింది. మరుసటి ఏడు నుంచి యంత్రాలు దిగినవి. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలవలు తవ్వారు. జావా దీవి నుంచి వేల కుటుంబాలను తెచ్చి అక్కడ దింపారు. జనం ఆకలి తీర్చాలన్న కోరిక తప్పు అని నేను అనను. వరిపొలాల మధ్య పుట్టినవాణ్ణి, ఆ మాట నా నోట రాదు. కాని ఆ నేలను గురించి తెలిసినవాళ్ళు ఇది పనికిరాదని చెబుతూనే ఉన్నారు. వినిపించుకున్నవాళ్ళు లేరు.

మన కాలవలు పొలానికి నీరు తెస్తవి. ఈ కాలవలు నీటిని తీసుకుపోయినవి. బోర్లించిన పళ్ళేనికి గాట్లు పెడితే ఏమవుతుంది? నడుమ ఉన్న నీరంతా గాట్ల గుండా నదుల్లోకి జారిపోయింది. పైన ఉన్న పీటు ఎండింది. వరి మాత్రం పండలేదు. పులుపు నేల, మొక్కకు కావలసిన సారం అందులో దాదాపు లేదు, వానాకాలంలో వరద, ఎండాకాలంలో బీట. 1999లో ప్రభుత్వం ఆ పథకం ఎత్తివేసింది. అడవి పోయింది, బియ్యం రాలేదు. నీళ్ళను లాగే కాలవలు మాత్రం మిగిలినవి.

ఈ లోపుగానే, 1997లో, మంటలు వచ్చినవి. ఆ ఏడు పసిఫిక్ సముద్రం మీద ఎల్‌నినో అనే మార్పు వల్ల ఇండొనీషియాలో వానలు చాలా ఆలస్యమైనవి. పొలం శుభ్రం చెయ్యడానికి నిప్పు పెట్టటం అక్కడి అలవాటు. అందుకు కారణం కూడా ఉన్నది. బూడిద పీటు పులుపును విరిచి ఒకటి రెండు పంటలకు సారం ఇస్తుంది. తడి నేలలో ఆ నిప్పు పైపైన కాలి ఆరిపోయేది. ఇప్పుడు నేలే ఎండి ఉన్నది. నిప్పు నేలలోకి దిగింది. ఆనాటి మా ఊక గుట్టలాగానే మంట కనిపించకుండా లోలోపల రాజుకుంటూ, వేళ్ళ వెంట పాకుతూ, ఇక్కడ ఆరిందనుకుంటే పది గజాల అవతల లేచింది. చెట్ల వేళ్ళు కాలిపోయి మానులు వాటంతట అవే పడిపోయినవి. దట్టమైన పొగ సముద్రం దాటి సింగపూరునూ మలేషియానూ కమ్మింది.

మంటలు చల్లారిన తరువాత కొందరు శాస్త్రజ్ఞులు లెక్క తీశారు. ఇంగ్లండు నుంచి సూజన్ పేజ్, జాక్ రైలీ, జర్మనీ నుంచి ఫ్లోరియన్ సీగర్ట్, కాలిమంతాన్‌లోని పాలంగ్కరాయా విశ్వవిద్యాలయం నుంచి సువిదో లిమిన్ వారిలో ఉన్నారు. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో ఎంత మేర కాలిందో చూశారు. నేల మీదికి వెళ్ళి ఎంత లోతు కాలిందో కొలిచారు. సగటున 51 సెంటీమీటర్ల పీటు కాలిపోయింది. పిల్లలూ, పలక తీసుకోండి. ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగిందనుకుంటే 51 సెంటీమీటర్లకు ఎన్నేళ్ళు? 510 ఏళ్ళు. 1997లోంచి 510 తీసివేస్తే 1487. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కింది 1509లో. రాయలవారు గద్దె ఎక్కకముందు నుంచి ఒక్కొక్క ఆకే పడి పెరిగిన నేల కొన్ని నెలల్లో పొగై పోయింది!

1997 మంటల్లో ఇండొనీషియా నుంచి గాలిలో కలిసిన కర్బనం 81 కోట్ల టన్నులకూ 257 కోట్ల టన్నులకూ మధ్య ఉంటుందని వారు 2002లో ప్రకటించారు. ఆ రోజుల్లో ప్రపంచమంతా బొగ్గు, పెట్రోలు వగైరాలు కాల్చి ఏడాదిలో సగటున వదిలేదానిలో ఇది 13 నుంచి 40 శాతం. ఇంత తేడాతో చెబితే అదేం లెక్క అని నా శిష్యుడొకడు అడిగాడు. నేల లోపల కాలినదాన్ని తాసులో పెట్టి తూచలేం. తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని రెండు అంచులూ చెప్పడమే నిజాయితీగల లెక్క. తక్కువ అంకె తీసుకున్నా గుండె ఝల్లుమంటుంది కదా?

నిప్పు అంటుకోకపోతే ఫరవాలేదు కదా అనుకోవద్దు. నీరు తీసిన పీటు మంట లేకుండానే మాయమవుతుంది. గాలి తగిలేసరికి సూక్ష్మజీవులు తినడం మొదలు పెడతవి. తిన్నదంతా వాయువై పోతుంది. దీనికి మంచి సాక్షి ఇంగ్లండులో ఉన్నది. అక్కడి చలి ప్రాంతాల్లోనూ పీటు ఉన్నది, కాని అది ఎక్కువగా నాచు వల్లా, గడ్డి వల్లా పుట్టినది. హోమ్ ఫెన్ అనే చోట 1851లో పక్కనున్న పెద్ద సరస్సును ఎండగట్టారు. నేల కుంగుతుందేమోనని ఒక ఇనుపస్తంభం పాతారు. స్తంభం కొస సరిగ్గా నేలమట్టానికి వచ్చేటట్టు పాతారు. ఈనాడు ఆ స్తంభం నేల పైన సుమారు నాలుగు మీటర్లు కనిపిస్తుంది. స్తంభం పెరగలేదు, నేలే దిగిపోయింది. వేడి దేశాల్లో ఈ దిగడం ఇంకా త్వరగా జరుగుతుంది. సుమత్రాలో నీరు తీసి తోటలు వేసినచోట మొదటి అయిదేళ్ళలోనే దాదాపు మీటరున్నర, ఆ తరువాత ఏటా అయిదు సెంటీమీటర్ల చొప్పున నేల కుంగిందని 2012లో ఒక పరిశోధన తేల్చింది. అట్లా దిగుతూ పోతే చివరికి నది మట్టానికో సముద్ర మట్టానికో వచ్చి, తోటలోకే వరద వస్తుంది. ఆపైన ఆ తోట ఎవరికి?

2015లో మళ్ళీ ఎల్‌నినో, మళ్ళీ మంటలు. ఇండొనీషియాలో 26 లక్షల హెక్టార్లు కాలినవి. వాటిలో సుమారు మూడో వంతు పీటునేల. ప్రపంచ బ్యాంకు లెక్కన ఆ దేశానికి వచ్చిన నష్టం 1,600 కోట్ల డాలర్లు. సుమత్రా, కాలిమంతాన్‌లలో బడులు మూసేశారు. మంటలు లేని సింగపూరులో కూడా సెప్టెంబరు 25న బడులకు సెలవిచ్చారు. సెలవంటే మీకు సంతోషమే. కాని అది ఆడుకునే సెలవు కాదు. తలుపులూ కిటికీలూ బిగించుకుని ఇంట్లో కూర్చోవలసిన సెలవు.

ఇక వైద్యం మాటకు వద్దాం. రోగం ఏమిటో తెలిస్తే మందు తెలిసినట్టే. నీరు పోయింది, నీటిని ఆపాలి. అంటే తవ్విన కాలవలకు అడ్డుకట్టలు వెయ్యాలి. పైన చెప్పిన సువిదో లిమిన్ ఆ ప్రాంతపు దయాక్ తెగకు చెందినవాడే. 1997 మంటలప్పుడే ఆయన చుట్టుపక్కల పల్లెలవాళ్ళతో మంటలార్పే దళం తయారుచేశాడు. ఆ దళంవాళ్ళు పీటుకు అడుగున ఉన్న ఇసుకపొర దాకా గొట్టపుబావి దింపి, ఆ నీళ్ళతోనే నేలను తడిపేవాళ్ళు. ఆర్పడం కంటే ఆపడం మేలని తరువాత కాలవలకు కట్టలు వేయడం మొదలు పెట్టారు. రెండు వరసల దుంగలు పాతి మధ్యలో పీటు నింపిన సంచులు పేర్చడం, ఇదే కట్ట. సిమెంటు కట్టడం పెడితే ఆ మెత్తని నేల దాని బరువు మోయలేదు.

వినడానికి తేలికే. చేస్తే గాని కష్టం తెలియలేదు. పళ్ళెం వాలుగా ఉంటుంది గనక ఒక్క కట్టతో పని జరగదు. మెట్లు మెట్లుగా ఎన్నో కట్టలు కావాలి. రెండు కట్టల మధ్య మట్టాల తేడా ఎక్కువైతే నీరు పక్కనున్న మెత్తని పీటును కోసుకుని చుట్టుతిరిగి పోతుంది. ఇంకొక చిక్కు మనుషులతో. ఆ కాలవలు వచ్చి కొన్నేళ్ళయ్యేసరికి పల్లెవాళ్ళకు అవే బాటలైనవి. చేపలకూ, రబ్బరు తోటలకూ వాటి మీదనే పడవలో పోతారు. ఎవరో వచ్చి కట్ట వేస్తే బాట మూసినట్టే కదా! కొన్నిచోట్ల రాత్రికి రాత్రే కట్టలు తెగినవి. అప్పుడు తెలిసింది, ముందు ఊరివాళ్ళతో కూర్చుని మాట్లాడాలని. కట్ట నడుమ పడవ పోయేటందుకు సందు వదిలారు. కట్టలు కట్టే పని, వాటిని కాపాడే పని ఊరివాళ్ళకే ఇచ్చారు.

అసలు దయాక్‌వాళ్ళు అంతకుముందూ ఈ నేల మీదనే బతికారు. వరి నది ఒడ్డున మట్టి ఉన్నచోట వేసుకునేవాళ్ళు. పీటులో బేజె అనే చిన్న గుంటలు తవ్వి ఉంచితే, వరద తీసి ఎండలు ముదిరేటప్పుడు చేపలన్నీ ఆ గుంటల్లో చేరేవి. నేలను ఎండగట్టకుండానే వాళ్ళకు తిండి దొరికేది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు కూడా తడినేలలోనే పెరిగే చెట్లను చూపిస్తున్నారు. సగ్గుబియ్యం వంటి పిండినిచ్చే సాగో తాళవృక్షం, బంక నిచ్చే జెలుతుంగ్ అటువంటివే.

2016 జనవరిలో అధ్యక్షుడు జోకో విడోడో పీటునేలల పునరుద్ధరణకు ఒక సంస్థను ఏర్పరచాడు. ఇరవై లక్షల హెక్టార్లను బాగుచెయ్యాలని దాని లక్ష్యం. తోటల్లో నీటిమట్టం నేలకు 40 సెంటీమీటర్ల కంటే కిందికి పోరాదని నిబంధన కూడా పెట్టారు. ఆ అంకెలు చిన్నవిగా కనిపించినా వాటికి విలువ ఉన్నది. బాగా ఎండగట్టిన పీటులో నీటిమట్టాన్ని పది సెంటీమీటర్లు పైకి తెస్తే హెక్టారుకు ఏటా కనీసం మూడు టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన మేలు జరుగుతుందని 2021లో ఒక పరిశోధన లెక్క కట్టింది. పైరు తీసివేయకుండానే, కాలవలో పలక పది సెంటీమీటర్లు ఎత్తితే దొరికే లాభమిది. ఇంత చవకగా దొరికే మేలు మరొకటి నాకు కనిపించదు.

అయినా 2019లో మళ్ళీ పదహారు లక్షల హెక్టార్లు కాలినవి. 2020లో ఆ పాత వరి పథకం భూముల్లోనే కొన్నిచోట్ల మళ్ళీ వరి వేయడానికి ప్రభుత్వం పూనుకున్నది. చేసిన లెక్కే మళ్ళీ తప్పుగా చేసే పిల్లవాణ్ణి నేను బెంచీ ఎక్కించేవాణ్ణి. దేశాలను ఎవరు ఎక్కిస్తారు?

అదీగాక, పూర్తిగా ఎండిన పీటు మళ్ళీ నీరు పీల్చదు. పొడి కారం మీద నీటిచుక్క వేస్తే పైపైనే దొర్లుతుంది చూడండి, ఆ విధంగా నీరు దాని మీద నుంచి జారిపోతుంది. కట్టలు వేసినా కాలిపోయిన పొర తిరిగి రాదు, మిగిలినది నిలుస్తుంది, అంతే. అందుచేత బాగుచేయడం అవసరమే గాని, అసలు చెడగొట్టకుండా ఉంచడం దానికంటే వెయ్యి రెట్లు మేలు. ఇంకా చెడనిచోటు ఉన్నదా అంటే, ఉన్నది. ఆఫ్రికాలో కాంగో నది నడిమి భాగాన బురద అడవుల్లో గ్రెటా డార్గీ, సైమన్ లూయిస్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞులూ, కాంగో దేశపు సస్పెన్స్ ఇఫో మొదలైనవారూ ఊరివాళ్ళ తోడుతో నడిచి, గొట్టాలు దించి చూశారు. అక్కడ 1,45,500 చదరపు కిలోమీటర్ల పీటు ఉన్నదని 2017లో ప్రకటించారు. మన ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెమే తక్కువ! అందులో దాగిన కర్బనం సుమారు మూడు వేల కోట్ల టన్నులు. దానిలో చాలా భాగానికి ఇంకా కాలవల గాట్లు పడలేదు. గాటు పెట్టకుండా ఉంచడానికి దుంగలూ అక్కర్లేదు, సంచులూ అక్కర్లేదు. కాని అక్కడి జనం పేదవాళ్ళు. వాళ్ళు అడవిని అట్లాగే ఉంచినందువల్ల లోకమంతటికీ మేలు గనక, ఆ ఖర్చులో లోకం పాలు పంచుకోవాలి. ఇది దానం కాదు, బాకీ అని నా అభిప్రాయం.

ఈ సంగతులన్నీ ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర మా మనవరాలికి చెబుతున్నాను. అది ఆరో తరగతి చదువుతున్నది. ఇండొనీషియా, మలేషియా దేశాల్లో పీటునేలలను ఎండగట్టి వేసిన తోటల్లో చాలావరకు పామాయిలు తోటలే అన్నాను. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పామాయిలు కొనే దేశం మనదే, అదీ ఎక్కువగా ఆ రెండు దేశాల నుంచే అన్నాను. అన్ని తోటలూ పీటు మీద లేవు, మట్టినేల మీద వేసినవే ఎక్కువ. మన ఏలూరు, గోదావరి జిల్లాల తోటలు కూడా మామూలు మట్టినేల మీద ఉన్నవే. అది గారె కొరకబోతూ ఆగి, "మరి ఈ గారె వేయించిన నూనె ఏ నేలది, తాతయ్యా?" అని అడిగింది.

వాళ్ళ నాయనమ్మ వంటింట్లోంచి నూనె పొట్లం తెచ్చి ఇచ్చింది. తాతా మనవరాలూ ఇద్దరం దీపం కిందికి పోయి ఆ పొట్లాన్ని ఇటూ అటూ తిప్పి చదివాం. ధర ఉన్నది, తూకం ఉన్నది, పాకెట్ కట్టిన తేదీ ఉన్నది. ఏ నేల మీద పండిందో మాత్రం ఎక్కడా లేదు. మర్నాడు అది తన చేత్తోనే ఒక కార్డు రాసి ఆ కంపెనీ చిరునామాకు పోస్టు చేసింది. రెండు నెలలైంది. రోజూ బడి నుంచి రాగానే పోస్టు వచ్చిందా అని అడుగుతూ ఉంటుంది.